వెంట్రుకవాసి

పార్సిల్ విప్పాను.
అదే ఊదారంగు అట్ట. అదే మామీ నది వంతెన.
మనం ఐదుగురం, ప్యాంట్లతో నేల ఊడుస్తూ.
అందరం కెమెరాని చూస్తున్నాం, నువ్వు తప్ప.
నువ్వు పక్కకి తిరిగి
ట్రాంబోన్ గొట్టంలోంచి ఉమ్ము దులుపుతున్నావు, థెరన్.

అప్పుడు అచ్చేసింది మూడొందలు.
క్లీవన్ కారు డిక్కీలో పెట్టుకుని
టొలీడో నుంచి డేటన్ దాకా తిరిగితే నూటపది పోయాయి.
మిగతావి వాళ్ళత్త గరాజులో వాననీళ్ళు తాగాయి.
ఇవాళ అందులో ఒక్కటి నాలుగు వేల డాలర్లట!
మనకి దక్కింది తలా పద్దెనిమిది,
ఒక ప్లేటు వేయించిన చేప.

రోటర్‌డామ్ పిల్ల, ఫెమ్కె,
మన పాటల కన్నా పదిహేనేళ్ళు చిన్నది,
అసలు టేపు కోసం రెండేళ్ళు తిరిగింది.
చివరికి మా చెల్లెలు ఆర్నెటా ఇంట్లో
బట్టలుతికే మెషీన్ వెనక
క్రిస్మస్ దీపాల పెట్టెలో దొరికింది.

రెండో వైపు, మూడో పాట.
చివర్లో డ్రమ్ములు తప్పుకుంటాయి, నా బేస్ తప్పుకుంటుంది,
నువ్వొక్కడివే మిగుల్తావు.
ఒకే ఊపిరి, ఒకే స్వరం, పదకొండు సెకన్లు.

మొదటి కాపీ వచ్చిన రోజు మా వంటింట్లో విన్నాం.
ఆ స్వరం ఊగింది,
పడవలో లేచి నిలబడ్డవాడిలా.
నోరు జారాను.
"తాగొచ్చి వాయించావు" అన్నాను.
"ఆ వారమంతా చుక్క ముట్టలేదు" అన్నావు.
"మరి రికార్డు అబద్ధమాడుతుందా?"
అందరి ముందూ అన్నాను.
నువ్వు పెట్టె మూశావు. రెండు గొళ్ళేలు.
టక్. టక్.
మన బ్యాండు కలిసి విన్న ఆఖరి తాళం అది.

తర్వాత నేను గాజు ఫ్యాక్టరీలో ముప్పైయొక్క ఏళ్ళు.
కారు అద్దాన్ని దీపానికి అడ్డంగా పట్టి
ఎక్కడైనా అల ఉందేమో చూడటం నా పని.
వెంట్రుకవాసి వంకర ఉన్నా పక్కన పడేసేవాణ్ణి.
డేగకన్ను అనేవాళ్ళు నన్ను.

నిన్న ఫెమ్కె ఫోన్లో, వాతావరణం చెప్పినంత మామూలుగా:
"పాతదాని చిల్లు నడిమధ్యలో లేదు, తెలుసా?
ఫ్యాక్టరీలో ఒక పక్కకి పడింది.
అందుకే చుట్టుకోసారి స్వరం పైకీ కిందకీ పోతుంది.
ఇప్పుడు బాగుచేశాం."

ఆడలేక మద్దెల ఓడంటారు.
మన మద్దెల నిజంగానే ఓడు, థెరన్.

బ్యాండు ఎందుకు విడిపోయిందో
అట్ట వెనక నాలుగు ముక్కలు రాయమని అడిగితే
"ఎవరి దారి వాళ్ళు చూసుకున్నాం" అని రాసిచ్చాను.
పదిహేను వందల అట్టల మీద అచ్చయిపోయింది.

కొత్తది పెట్టాను.
నీ స్వరం కదల్లేదు.
నిండు గ్లాసు మోసే చెయ్యిలా
పదకొండు సెకన్లూ ఒలక్కుండా నడిచింది.
కుర్చీలో కూర్చున్నవాణ్ణి ఎందుకో లేచి నిలబడ్డాను.

నువ్వు పోయి ఆరేళ్ళు.
పువ్వులు పంపాను, కార్డు మీద ఇంటిపేరొక్కటే రాసి.
ఊళ్ళో ఆ ఇంటిపేరువాళ్ళు నలభైమంది.

రాత్రి నా పాత కాపీ తీశాను.
పనిముట్ల డబ్బాలోంచి గుండ్రటి ఆకురాయి తెచ్చి
ఆ చిల్లుని వెడల్పు చేశాను.
నల్లటి పొడి గళ్ళ దుప్పటి మీద రాలింది.
తెలిస్తే ఫెమ్కె ఏడుస్తుంది.
నాలుగు వేలది ఇక నాలుగు సెంట్లకి కొరగాదు.

పళ్ళెం మీద పెట్టి వేలితో అటూ ఇటూ జరుపుతూ
అంచుని కంటితో పట్టాను, అద్దాన్ని పట్టినట్టే.
అయిదోసారికి నీ స్వరం తిన్నగా నిలబడింది.
ఇంకాస్త బాగా కుదురుతుందేమోనని
మళ్ళీ ముట్టుకున్నాను.
ఆరోసారి ఊగింది.

చెయ్యి వణుకుతోంది, థెరన్.
నేనూ చుక్క ముట్టలేదు.